అల్లిక బృందం వార్షిక నివేదిక 2024-25: పిల్లల వేసవి అల్లికలు

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన కాలనీ మహిళా విభాగం కింద అల్లిక బృందం క్రోషేలో, అంటే కొక్కెం ఉన్న సూదితో అల్లే అల్లికలో, చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా పంచారు కాబట్టి ఆ లెక్కలు ఇక్కడ మళ్ళీ రాయడం లేదు. ఏం అల్లాం, ఏది పిల్లలకు పనికొచ్చింది, ఏది బీరువాలో పడింది, వచ్చే ఏడాదికి మీ ముందు పెడుతున్న ప్రతిపాదనలేమిటి, ఇవే రాస్తున్నాను.

కార్యదర్శిగా నా మాట ముందే చెప్పేస్తాను. చంటిపిల్లల సామాను విషయంలో ఫోటో కోసం అల్లడం తగ్గించి వాడకం కోసం అల్లడం మొదలుపెట్టిన సంవత్సరం ఇది. లేసు పువ్వుల హెడ్‌బ్యాండ్లు ఆపేయడం కొందరికి ఇప్పటికీ మింగుడుపడటం లేదని తెలుసు. అయినా ఆ నిర్ణయం సరైనదేనని నా నమ్మకం. ఎందుకో కింద రాశాను.

రెండోసారి వాడారా?

జూన్‌లో బడులు తెరిచాక, మన దగ్గర సామాను తీసుకున్న ఇళ్ళకు ఫోన్లు చేసి ఒకే ప్రశ్న అడిగాం: మొదటిరోజు తర్వాత మళ్ళీ వాడారా? హెడ్‌బ్యాండ్లు బారసాల ఫోటోలతోనే ఆగిపోయాయి. సాగే లాస్టిక్కు నుదుటి మీద గీత పడేస్తోందని కొందరు, పెట్టిన నిమిషంలో బిడ్డ పీకేస్తోందని కొందరు చెప్పారు. బుల్లి బూట్ల సంగతి ఇంకా సులువుగా తేలింది. మే నెలలో పసిబిడ్డకు మేజోళ్ళెందుకని ఇళ్ళలో అమ్మమ్మలే వాటిని విప్పి పక్కన పెట్టేశారు. అమ్మమ్మలదే న్యాయం.

వాడినవి వేరే ఉన్నాయి. అంచు ఉన్న ఎండ టోపీలు, పళ్ళు వచ్చే వయసులో చొంగ తుడవడానికి రెండు పొరలుగా అల్లిన బిబ్బులు, బడి పిల్లలు భుజాన వేసుకునే నీళ్ళసీసా సంచులు. ఈ సంచులు మిగిలిపోయిన దారంతో, ఏ ముచ్చటా లేకుండా అల్లినవి. వాటినే ఇంకో రెండు ఇవ్వమని మళ్ళీ మళ్ళీ అడిగారు. సీసా మీద చేరే చెమ్మను నూలు పీల్చుకుంటుంది, పుస్తకాలు తడవవు. అందంగా ఉందని ఎవరూ అనలేదు, కానీ ఏ ఇంట్లోనూ అది మూలన పడలేదు.

గుండు టోపీలు

ఈ ఏడాది అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది దీని మీదే. వేసవి సెలవులు చూసుకుని యాదగిరిగుట్టకో వేములవాడకో తిరుమలకో వెళ్ళి బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించే కుటుంబాలు మన చుట్టూ చాలా ఉన్నాయి. నున్నగా గీసిన తల, దాని మీద గంధం, బయట మే నెల ఎండ. దుకాణంలో దొరికే టోపీ ఏదీ ఈ తలను దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. మనం మొదట అల్లిన జాలీ టోపీలు కూడా కాదు.

జాలీ టోపీ గాలాడుతుందని అందరం అనుకుంటాం. నిజమే. అయితే కన్నంలోంచి గాలి వచ్చినట్టే ఎండా వస్తుంది. జుట్టున్న తలకు పైభాగంలో కన్నాలున్నా నష్టం లేదు, జుట్టు అడ్డుకుంటుంది. గుండుకు ఆ అడ్డు లేదు. కాబట్టి గుండు టోపీ మొత్తాన్ని సింగిల్ కుట్టుతో (పొట్టిగా, దట్టంగా వచ్చే కుట్టు), కన్నం లేకుండా, కానీ చెయ్యి వదులుగా పెట్టి అల్లాలని తీర్మానించాం. మామూలు టోపీకైనా అంచు మాత్రం దట్టంగానే ఉండాలి. పరీక్ష చాలా తేలిక: అంచును ఎండలో పట్టుకుని నేల మీద పడే నీడ చూడండి. నీడలో వెలుగు చుక్కలు కనిపిస్తే అంచు విప్పి, ఒక నంబరు చిన్న సూదితో మళ్ళీ అల్లండి.

గంధం మరక వల్ల రంగు కూడా ఆలోచించాల్సి వచ్చింది. తెల్లటి టోపీ ముచ్చటగా ఉంటుందని మొదలుపెట్టి, చివరికి లేత పసుపు, గోధుమ వన్నెల దగ్గర ఆగాం. మరక కనిపించదు, ఉడకబెట్టి ఉతికినా నూలుకు ఏమీ కాదు. గంధం పూర్తిగా ఆరేదాకా టోపీ పెట్టొద్దని ఇచ్చేటప్పుడే చెబుతున్నాం.

గుండు చేయించిన కొద్దిరోజులకు మొలిచే మోడు వెంట్రుకల సంగతి మాత్రం తల్లులు చెబితేనే తెలిసింది. నూగు ఉన్న దారమైతే ఆ మోళ్ళకు పట్టుకుని, టోపీ తీసేటప్పుడు బిడ్డ ఏడుస్తుంది. గట్టిగా పేనిన, నున్నటి నూలు దారమే దీనికి పనికొస్తుంది. ఇంకొకటి, జుట్టు ఉండగా కొలత తీసుకుని అల్లితే గుండు తర్వాత టోపీ కళ్ళ మీదికి జారుతుంది. ఆర్డరు తీసుకునేటప్పుడే ఇది అడగాలి.

కొలతలు

వీడియో చూసి అల్లే సభ్యులు పెరిగారు కాబట్టి ఇది కాస్త వివరంగా రాస్తున్నాను. అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత 34, 35 సెంటీమీటర్లు, ఆరు నెలలకు 43 దగ్గర, ఏడాదికి 45, 46, మూడేళ్ళకు 49 దగ్గర ఉంటుంది. ఒక్కో బిడ్డకు ఒకటి రెండు అటూ ఇటూ. నూలు వాడగా వాడగా సాగుతుంది, ఊలులా వెనక్కి ముడుచుకోదు. అందుకని తల కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువకే అల్లుతున్నాం. ఆ చుట్టుకొలతను 3.14తో భాగిస్తే టోపీ పైభాగంలో చదునైన వృత్తం ఎంత వెడల్పు రావాలో తెలుస్తుంది. ఏడాది బిడ్డకు 44 సెంటీమీటర్ల టోపీ అనుకుంటే వృత్తం అడ్డంగా 14 సెంటీమీటర్లు. అది వచ్చాక పెంచడం ఆపి నేరుగా కిందికి దిగాలి.

వృత్తం చదునుగా రావాలంటే సింగిల్ కుట్టులో ఆరుతో మొదలుపెట్టి చుట్టుకు ఆరు చొప్పున పెంచాలి, డబుల్‌లో (దానికంటే పొడుగు కుట్టు) పన్నెండుతో మొదలుపెట్టి పన్నెండు చొప్పున. తక్కువ పెంచితే గిన్నెలా లోతు తిరుగుతుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్ళు పోతుంది. ఇక్కడ చెప్పిన సింగిల్, డబుల్ అమెరికా లెక్క. పాత బ్రిటిష్ పుస్తకాలు చూసి నేర్చుకున్న పెద్దవాళ్ళు మన సింగిల్‌నే డబుల్ అంటారు. ఈ తికమక తీరడానికి ప్రతి కుట్టుకూ ఒక నమూనా ముక్క అల్లి హాల్లో అట్ట మీద గుచ్చాం. పేరుతో పనిలేదు, ముక్క చూసి అల్లండి.

కూర్చోవడం ఇంకా రాక పడుకునే ఉండే బిడ్డ టోపీకి వెనక అంచు పెట్టొద్దు. వెల్లకిలా పడుకోగానే అది టోపీని ముందుకు తోసి ముక్కు మీదికి తెస్తుంది.

దారం

నాలుగు పోగుల నూలు దారం, 3 మిల్లీమీటర్ల సూది, ఇవే మన ప్రధాన సరుకు. కొనుగోళ్ళు సుల్తాన్ బజార్‌లో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో జరిగాయి. పట్టుకుంటే అక్రిలిక్ మెత్తగా తగులుతుంది, ధర కూడా తక్కువ. అందుకే కొత్త సభ్యుల చెయ్యి దాని మీదికే పోతుంది. అది ప్లాస్టిక్ జాతి పోగు. చెమట పీల్చదు, మే నెలలో బిడ్డ నుదుటి మీద చెమటకాయలు లేస్తాయి. పిల్లల వేసవి సామానుకు అక్రిలిక్ వద్దని ఆగస్టు సమావేశంలో తీర్మానం చేశాం. ఇంట్లో ఉన్న అక్రిలిక్‌ను కుండీల తొడుగులకు వాడుకోండి.

కొనేటప్పుడు లేబులు మీది లాట్ నంబరు, అంటే రంగు వేసిన విడత నంబరు, చూడండి. అదే రంగు, వేరే లాట్ అయితే ఎండలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ముదురు ఎరుపు, నేరేడు రంగులను అల్లకముందే తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూసుకోవాలి. చంటిబిడ్డ ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటుంది. ఇక మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ ఉన్నచోట నూలు బిరుసెక్కుతుంది. సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించి, తగిన సైజు స్టీలు గిన్నె బోర్లించి దాని మీద తొడిగి నీడలో ఆరబెడితే ఆకారం నిలుస్తుంది. దండెం మీద వేలాడదీస్తే తడి బరువుకు సాగిపోతుంది.

భద్రత నియమాలు

ఈ విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు, పెద్దవాళ్ళతో సహా. టోపీలకు మెడ కింద కట్టే తాళ్ళు, రిబ్బన్లు ఉండవు. జారుడుబండకో ఉయ్యాలకో తాడు చిక్కుకుంటే ప్రాణానికే ముప్పు. యూరప్‌లో ఏడేళ్ళ లోపు పిల్లల దుస్తులకు తల, మెడ దగ్గర తాళ్ళే ఉండకూడదని ప్రమాణం ఉంది. టోపీ ఎగిరిపోతుందంటే కొలత సరిచేయాలి, తాడు కట్టడం కాదు. బిబ్బుకు మెడ వెనక టిచ్ బటన్, లాగితే తెరుచుకునేలా ఉండాలి, బటన్ మాత్రం పునాది గుడ్డలోకి దిగేలా గట్టిగా కుట్టాలి. మూడేళ్ళ లోపు పిల్లల వస్తువుల మీద పూసలు, గుండీ కళ్ళు, ఊగే పువ్వులు లేవు. కళ్ళు కావాలంటే దారంతోనే కుట్టండి.

చేతి తొడుగులు, మేజోళ్ళు ఎవరైనా పట్టుబట్టి అడిగితే లోపలి వైపు తిప్పి చూడందే ఇవ్వొద్దు. లోపల వదులుగా ఉన్న ఒక్క పోగు బిడ్డ కాలివేలికి చుట్టుకుంటే రక్తం ఆడక వేలు వాచిపోతుంది. బిడ్డ ఎందుకు ఏడుస్తోందో ఎవరికీ అర్థం కాదు. పిల్లల డాక్టర్లకు ఇది బాగా తెలిసిన ప్రమాదమే. కొసలను కనీసం రెండు దిక్కులుగా సూదితో కుట్టుల్లోకి దూర్చాలి.

ప్రతి టోపీతో పాటు ఒక చీటీ కూడా పెడుతున్నాం. నిద్రలో, ఇంటి లోపల టోపీ తీసేయాలి. పసిబిడ్డ ఒంటి వేడి తల నుంచే ఎక్కువగా బయటికి పోవాలి. ఆరు నెలల లోపు బిడ్డను టోపీ ఉన్నా సరే నేరుగా ఎండలోకి తీసుకెళ్ళొద్దు. టోపీ అమ్ముతూ ఇలా రాస్తే ఎవరు కొంటారని ఒక సభ్యురాలు అన్నారు. ఆ చీటీ చూసే కొన్నామని చెప్పిన తల్లులూ ఉన్నారు.

ఆసుపత్రికి ఇచ్చినవి

నగరంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి నవజాత శిశువుల వార్డుకు టోపీలు ఇచ్చాం. పై నియమాలకు ఇది పూర్తిగా ఎదురు. అక్కడ లోపలే టోపీ కావాలి, వేసవిలోనూ కావాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ తన ఒంటి వేడి తాను నిలుపుకోలేదు. తల్లి ఎదకు బిడ్డను ఆనించి ఉంచే కంగారూ పద్ధతి 1970ల చివర కొలంబియాలోని బొగోటాలో మొదలైంది. అందులో బిడ్డ ఒంటి మీద ఉండేవి డయపరు, మేజోళ్ళు, టోపీ అంతే. నర్సులు అడిగింది కచ్చితంగా ఉంది: చాలా చిన్న సైజులు, కన్నాలు వద్దు, ఉడకబెట్టినా చెడకూడదు. బొమ్మలు, పువ్వులు ఎవరూ అడగలేదు.

సెలవుల తరగతి

మే నెలలో కమ్యూనిటీ హాల్లో పిల్లలకు క్రోషే నేర్పాం. లావు దారం, 5 మిల్లీమీటర్ల సూది ఇస్తే చేతులు త్వరగా తిరుగుతాయి. చైన్ (గొలుసు కుట్టు) వచ్చాక చేతి పట్టీలు, ఆ తర్వాత జడ రబ్బరు బ్యాండ్ల మీద అల్లిక. ఎడమచేతి పిల్లలను పక్కన కాకుండా ఎదురుగా కూర్చోబెడితే అద్దంలో చూసినట్టు పట్టేస్తారు. మగపిల్లలూ వచ్చారు, వాళ్ళకు సీసా సంచి తప్ప ఇంకేదీ వద్దు. హాల్లో రెండో ఫ్యాను ఇంకా బాగుచేయించలేదని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ధర మాట

2024లో నర్సాపురం లేసు అల్లికకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ వైపు నుంచి వచ్చి మన బృందంలో చేరిన పెద్దమ్మగారిని సమావేశంలో సత్కరించాం. ఆవిడ సత్కారం కంటే ధర గురించే ఎక్కువసేపు మాట్లాడారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ లేసు గోదావరి ఒడ్డు నుంచి విదేశాలకు వెళ్ళింది. అల్లిన ఆడవాళ్ళకు మాత్రం ముక్క లెక్కనే కూలి, కూర్చున్న గంటల లెక్క ఎవరూ కట్టలేదు. ఇంట్లో తీరిక వేళ చేసేదేగా అన్న మాటతోనే ధర తెగ్గోశారని ఆవిడ అన్నారు. మనమూ అదే మాట అంటున్నాం కదా అని అడిగారు. హాల్లో కాసేపు ఎవరూ ఏమీ అనలేదు, తర్వాత అందరూ ఒక్కసారిగా మాట్లాడారు.

అసలైన క్రోషేను బజారు సరుకుగా అల్లే యంత్రం ఇంతవరకూ లేదు. బజారులో మరీ చవగ్గా కనిపించే క్రోషే టోపీ నిజంగా క్రోషేదే అయితే, ఎక్కడో ఒకరి చేతికి తక్కువ ముట్టినట్టే. కాబట్టి దారం ఖర్చుకు తోడు, చెయ్యి తిరిగిన సభ్యురాలికి పట్టే గంటలకు కూలి కట్టి ధర పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. కొనేవాళ్ళు తగ్గుతారని కోశాధికారి అభ్యంతరం. తగ్గనివ్వండి, ఆసుపత్రికి ఎక్కువ అల్లుదాం. చర్చించి ఓటు వేయండి.

మిగిలిన ప్రతిపాదనలు

నుమాయిష్‌లో స్టాలు పెట్టాలన్న సూచన వచ్చింది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో అక్కడికి వచ్చేవాళ్ళు స్వెట్టర్లు చూస్తారు గానీ ఎండ టోపీలు చూడరు. నేను వద్దంటున్నాను. దానికి బదులు ఉగాది ముందు కాలనీలోనే ఒక ఆదివారం అమ్మకం పెడదాం.

సామాను బీరువాలో ఎవరో కలరా ఉండలు వేశారు, తీయించాం. నూలుకు బట్ట పురుగు సాధారణంగా పట్టదు. పైగా ఆ వాసన పట్టిన గుడ్డల వల్ల, జి6పిడి అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న పసిబిడ్డల్లో రక్తకణాలు చితికిపోయి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. ఎండబెట్టిన వేపాకు చాలు.

వచ్చే ఏడాది చందా జూన్ నెలాఖరులోగా కోశాధికారికి చెల్లించాలి. బృందం సూదులు ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళు, ముఖ్యంగా 2.5, 3 నంబర్లవి, వచ్చే శనివారం తెచ్చి రిజిస్టరులో సంతకం పెట్టండి. ఆసుపత్రి టోపీల పని వాటి కోసమే ఆగింది.

కార్యదర్శి, అల్లిక బృందం
హైదరాబాద్