బుజ్జికి, డెమో క్లాసు సంగతి

మస్కట్
శుక్రవారం పొద్దున

బుజ్జీ,

ఇందిరానగర్ స్కూలు నుంచి లెక్కల టీచరు ఉద్యోగం ఇంటర్వ్యూకి నీకు పిలుపొచ్చిందని అమ్మ చెప్పింది. నువ్వెందుకు చెప్పలేదో నాకు తెలుసులే. ఫోన్లో చెబితే "సరే అక్కా, సరే అక్కా" అంటావు, పెట్టేశాక సగం మర్చిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నా. పక్కన పెట్టుకుని చదువు.

మేం బాగున్నాం. స్కూల్లో పరీక్షల హడావుడి, చెప్పుకోవడానికి ఇంకేం లేదు. మీ బావకి షిఫ్టు మారింది. గోంగూర పచ్చడి చేరింది, ఒక్క చుక్క కూడా కారలేదని అమ్మకి చెప్పు.

ముందు నీ బెంగ సంగతి. మానేసిన ఆరేళ్ళ గురించి అడుగుతారని కదా? అడుగుతారు. ఒక్క వాక్యం చాలు: పిల్లాడు చిన్నవాడని మానేశాను, ఇప్పుడు వాడు బడికి వెళ్తున్నాడు, నేనూ వస్తున్నాను. తలదించుకుని చెప్పాల్సిన పని కాదది. ప్యానెల్లో వాళ్ళకి కావలసింది, ఈ మధ్య మారినవి నీకు తెలుసా లేదా అని. నువ్వు పాఠాలు చెప్పిన రోజుల్లోని ఆరో తరగతి లెక్కల పుస్తకం ఇప్పుడు లేదు. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళ కొత్త 'గణిత ప్రకాశ్' ఆరో తరగతికి 2024లో, ఏడో తరగతికి 2025లో వచ్చింది. రెండూ వాళ్ళ సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఆరో తరగతిది మొత్తం చదువు, ఏడుది తిరగెయ్యి. ఇంకా, సీటెట్, అదే నువ్వు రాసిన టీచర్ల అర్హత పరీక్ష, పాతదైపోయిందని అమ్మతో అన్నావట. పాతదేం కాలేదు. టెట్ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుందని 2021లోనే మార్చారు, 2011 నుంచి ఇచ్చినవాటికీ అది వర్తిస్తుంది. నీది పేపర్ 2, ఆరు నుంచి ఎనిమిది దాకా సరిగ్గా సరిపోతుంది.

ఇక డెమో, వాళ్ళ ముందు పాఠం చెప్పి చూపించడం. నా మాట విను, అసలు విషయం అక్కడే తేలిపోతుంది. మిగతా ప్రశ్నలు చాలావరకు అక్కడ చూసినదాన్ని నిర్ధారించుకోడానికే. ఆరో తరగతికి భిన్నాల కూడిక, పదిహేను నిమిషాలు, అంతేగా? అందరూ చేసేది ఏమిటంటే పాఠమంతా ఆ పదిహేను నిమిషాల్లో కుక్కుతారు. సజాతి భిన్నాలు, విజాతి భిన్నాలు, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం), మిశ్రమ భిన్నాలు, చివర్లో రెండు లెక్కలు. ఏదీ పిల్లల దాకా చేరదు. నువ్వు ఒక్కటే తీసుకో: హారాలు వేరుగా ఉన్న రెండు భిన్నాల్ని ఎలా కలపాలి. లెక్క కూడా ఒక్కటే, 1/2 + 1/3.

చార్టు పొడుగు వైపు నుంచి 60 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు కత్తిరించు. ఒక రంగులో పూర్తి పట్టీ. ఇంకో రంగులో 30 సెంటీమీటర్ల ముక్క, అది సగం. మూడో రంగులో 20 సెంటీమీటర్ల ముక్క, అది మూడోవంతు. వేరే రంగులో 24 సెంటీమీటర్లది ఒకటి కత్తిరించి బల్ల మీద బోర్లించి పెట్టుకో, అది 2/5. తెల్ల కాగితంతో 10 సెంటీమీటర్ల ముక్కలు ఆరు. కత్తెరతో వద్దు, గీత వంకర పోతుంది. స్కేలు ఆనించి బ్లేడుతో కొయ్యి. ఒక్కో ముక్కలో రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా ఐదు ముక్కలు వరసగా పెట్టేసరికి సెంటీమీటరు పోతుంది, వెనక బెంచీ వాడికి కూడా కనిపిస్తుంది. సెంటీమీటర్లు వెనకవైపు పెన్సిల్‌తో నీ కోసం రాసుకో. ముందువైపు రాస్తే పిల్లలు భిన్నాన్ని వదిలేసి 30, 20 కూడేస్తారు. అతికించడానికి రెండు వైపులా అంటుకునే టేపు ఇంట్లోనే వెనక అంటించి, పైకాగితం తీయకుండా పట్టుకెళ్ళు. సుద్దపొడి ఉన్న బోర్డుకి టేపు అతుక్కోదు, అందుకని ముందు ఆ చోటు తడిగుడ్డతో తుడువు. చిన్న గుడ్డ ఒకటి సంచిలో ఉండాలి.

మొదటి రెండు నిమిషాలు వాళ్ళకి వచ్చినదే, 1/5 + 2/5. మూడో నిమిషంలో 1/2 + 1/3 రాసి, ఎంత వస్తుందో ఊహించమను. ఎవరో ఒకరు 2/5 అంటారు. పిల్లలు లేకుండా ప్యానెల్లో వాళ్ళే పిల్లల్లా కూర్చుంటే వాళ్ళలో ఒకరు తప్పకుండా అంటారు, దాని కోసమే కూర్చుంటారు. అప్పుడు "తప్పు" అనకు. పైవి పైవీ, కిందవి కిందవీ కలపడం వాడికి సహజం, అప్పటిదాకా చేసిన కూడికలన్నీ అలాంటివే. బోర్లించిన 24 సెంటీమీటర్ల పట్టీ తీసి, సగం పట్టీ కింద అతికించు. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గిందేంటి అని అడిగి ఆగు. ఆ ఆగడం ముఖ్యం బుజ్జీ. నీకు తొందరెక్కువ, జవాబు నువ్వే చెప్పేస్తావు. నోరు మూసుకుని మనసులో ఐదు లెక్కపెట్టు.

తర్వాత తెల్ల ముక్కలు. ముందు ఆరూ పూర్తి పట్టీ కింద పెట్టు, ఒక్కోటి ఆరోవంతని వాళ్ళే చెప్తారు. సగంలో మూడు పట్టాయి, మూడోవంతులో రెండు పట్టాయి, మొత్తం ఐదు. 5/6. రెండిటినీ మిగలకుండా కొలిచే ముక్క ఏదని వాళ్ళు వెతికాక, అప్పుడు చెప్పు క.సా.గు. గురించి. చాలామంది క.సా.గు.తోనే మొదలుపెడతారు. పిల్లలకి లెక్క వస్తుంది, ఆరు ఎక్కడ నుంచి వచ్చిందో తెలియదు, ఏడో తరగతికి వచ్చేసరికి లెక్క కూడా పోతుంది. ఈ పట్టీ పనికి ఆరు నిమిషాలు, బోర్డు మీద రాతకి మూడు. చివర్లో 1/4 + 1/6 ఇచ్చి, రెండిటికీ సరిపోయే ముక్క ఏదో చెప్పమను. అదే పట్టీ మీద 5 సెంటీమీటర్ల ముక్కలు పన్నెండు పడతాయి, మూడూ రెండూ ఐదు, 5/12. కొన్ని చోట్ల ఎనిమిది నిమిషాలకే "థాంక్యూ" అని ఆపేస్తారు, కంగారు పడకు. అందుకే పట్టీలు మూడో నిమిషానికల్లా బోర్డు మీదికి రావాలన్నది.

"అండర్‌స్టుడ్?" అని మాత్రం అడగొద్దు. అందరూ "యెస్ మేడమ్" అంటారు, నీకేం తెలియదు. "హౌ డు యు నో?" అని అడుగు. నీ ఇంగ్లీషుకి వంక లేదు, మరిది ఏమన్నా పట్టించుకోకు. చిన్న చిన్న వాక్యాలు, నెమ్మదిగా. బోర్డు దగ్గర వాడే పది పన్నెండు వాక్యాలు ముందే రాసుకుని పైకి చదువు. కన్నడం నీకు బాగా వచ్చు కదా, ఫారంలో రాయి, తల్లిదండ్రులతో మాట్లాడ్డానికి స్కూళ్ళకి అది అక్కర.

బోర్డు ఎలాంటిదో ముందే ఫోన్ చేసి కనుక్కో. సుద్దబోర్డైతే సుద్దముక్కని సగానికి విరిచి, వాలుగా పట్టుకుని రాయి, కీచుమనదు. తెల్లబోర్డైతే నీ మార్కర్లు నువ్వే పట్టుకెళ్ళు, అవి చెరిగే రకమా కాదా ఇంట్లో చూసుకో. ఎర్రది గీతలకి మాత్రమే, రాత దూరానికి కనపడదు. బోర్డు పక్కకి నిలబడి రాయి, పిల్లలకి వీపు చూపించకు.

లెసన్ ప్లాన్ ఒక్క పేజీ, మూడు కాపీలు. లక్ష్యం దగ్గర "భిన్నాలు అర్థం చేసుకుంటారు" అని రాయకు, దాన్ని ఎలా కొలుస్తావు? "రెండు హారాలకీ సరిపోయే ముక్కని కనుక్కుని కూడగలరు" అని రాస్తే నీ చివరి లెక్కతో అది తేలిపోతుంది.

అమ్మ మాత్ర పొద్దున వేసుకుంటోందా? అడిగితే నాతో ఊఁ అంటుంది. నువ్వు డబ్బీ తీసి చూడు.

ప్రశ్నల్లో సబ్జెక్టువి ఎలా అడుగుతారంటే, ఒకటి ఎందుకు ప్రధాన సంఖ్య కాదు, భిన్నంతో భాగించేటప్పుడు ఎందుకు తిరగేస్తాం, రుణం రుణం గుణిస్తే ధనం ఎందుకు. సూత్రం చెబితే సరిపోదు. ఒకటి సంగతే తీసుకో. ప్రధాన సంఖ్యకి సరిగ్గా రెండు కారణాంకాలుండాలి, ఒకటికి ఒక్కటే ఉంది. పైగా దాన్ని ప్రధాన సంఖ్య అనుకుంటే 6 ని 2×3 అనొచ్చు, 1×2×3 అనొచ్చు, 1×1×2×3 అనొచ్చు, ప్రధాన కారణాంకాలు ఒకే రకంగా రావాలన్నది పోతుంది. ఇంత చెప్పగలిగితే చాలు. 2020 జాతీయ విద్యా విధానం అడిగితే బడి చదువుని దశలుగా విడగొట్టిన 5+3+3+4 అప్పజెప్పి ఊరుకోకు. ఆరు నుంచి ఎనిమిది మధ్య దశ, నీ పట్టీల పాఠం దానికెలా సరిపోతుందో చెప్పు.

అల్లరి చేసే పిల్లాణ్ణి ఏం చేస్తావంటే "ఒక్కటి వేస్తా" అన్న మాట నవ్వుతూ కూడా రానివ్వకు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఇంకొకటి తప్పక అడుగుతారు: ఎవరో తనని తాకారని ఒక పాప నీతో చెబితే? విను. ఎవరికీ చెప్పనని మాటివ్వకు. గుచ్చి గుచ్చి అడగకు. పాప చెప్పిన మాటలు చెప్పినట్టే రాసి పెట్టి, ఆ రోజే ప్రిన్సిపాల్‌కి చెప్పు. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం కింద పోలీసులకి తెలియజేయడం తప్పనిసరి, దాచిపెడితే అదే నేరం. చైల్డ్‌లైన్ 1098. ఇది ఉద్యోగం కోసం కాకపోయినా నీకు తెలిసుండాలి.

సర్టిఫికెట్ల దగ్గరే ఇబ్బంది వచ్చేలా ఉంది. నీ టెన్త్ మెమోలో మన ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో మరిది వాళ్ళది వెనక ఉంది. రెండూ ఒకరేనని చూపించడానికి మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకెళ్ళు, జిరాక్సు కాదు, ఒరిజినల్. ఫైల్లో వరస: టెన్త్ మెమో, ఇంటర్, డిగ్రీ, బీఈడీ, సీటెట్, పాత స్కూలు సర్టిఫికెట్, ఆధార్, పాన్. రెండు సెట్లు జిరాక్సులు, నాలుగు ఫోటోలు. మదనపల్లె స్కూలు వాళ్ళిచ్చిన సర్టిఫికెట్లో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ తరగతులకి, ఏ సబ్జెక్టు అన్నవి ఉన్నాయా చూడు. లేకపోతే నాన్నని పంపి మళ్ళీ రాయించు, సంతకం పక్కన సీలుతో. ఒరిజినల్స్ ఉంచేసి వెళ్ళమంటే ఒప్పుకోకు, చూపించి తెచ్చుకో.

జీతం మాటకి నువ్వు మొహమాట పడతావు. చేతికొచ్చేది ఎంత, పీఎఫ్ నీ వాటా బేసిక్ మీద 12 శాతం పోగా ఎంత, వేసవి సెలవుల జీతం ఇస్తారా, ప్రొబేషన్ ఎన్నాళ్ళు, మధ్యలో మానితే నోటీసు ఎంత, చంటోడికి ఫీజు తగ్గిస్తారా. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని చూసే అడుగు, తప్పేం లేదు. జవాబు మెయిల్లో పంపమను.

కాడుగోడి నుంచి ఇందిరానగర్‌కి మెట్రో పర్పుల్ లైనే, మారే పని లేదు. కానీ అందరూ ఆఫీసులకి పోయే వేళ చార్టు పట్టీలు నలిగిపోతాయి. చుట్టి గొట్టంలో పెట్టకు, విప్పాక ముడుచుకుంటాయి. రెండు అట్టల మధ్య పెట్టి కట్టు. కాటన్ చీర కట్టుకో, చెయ్యి పైకెత్తి రాసేటప్పుడు పమిట జారకుండా పిన్ను. ఇంట్లో ఒకసారి కట్టుకునే రాసి చూడు.

అమ్మతో ఒక మాట. దానికి ఉద్యోగం ఎందుకు, పిల్లాడేమవుతాడు అని నాతో అంటోంది. అమ్మా, నువ్వు వినేలా చదవమంటున్నా బుజ్జిని: వాడు మధ్యాహ్నం మూడింటికి వస్తాడు, అదీ కాస్త అటూ ఇటూగా ఇంటికొస్తుంది. బీఈడీ చదివించింది నువ్వే కదా. ఉగాదికి రానందుకు నా మీద ఉన్న కోపం దాని మీద చూపించకు. నాకు అప్పుడు సెలవు దొరకదు, నీకు తెలుసు. జూలైలో తప్పకుండా వస్తాను.

బుజ్జీ, లెసన్ ప్లాన్ రాసి ఆదివారం లోపు ఫోటో పంపు. తర్వాత వీడియో కాల్లో పదిహేను నిమిషాలూ నాకు చెప్పు, చంటోణ్ణి విద్యార్థిగా కూర్చోబెట్టు. మాకు మీకన్నా గంటన్నర వెనక, రాత్రి తొమ్మిదిన్నరకి చేస్తే నేను వంటింటి పని ముగించి ఉంటాను.

నీ
పెద్దక్క