సిమెంటు రేకుల దుమ్ము గురించి కేంద్ర పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మొన్న గాలివానకి మా పక్కింటి రేకులు పగిలాయి. మేస్త్రీ కొత్త రేకుకి డ్రిల్లుతో బెజ్జాలు వేస్తుంటే తెల్లటి దుమ్ము కింద ఆరేసిన బట్టల మీద, ఉయ్యాల మీద పడింది. ఆయన మూతికి తువ్వాలు కూడా లేదు. పాత ముక్కలు కోళ్లగూటికి కప్పయ్యాయి.

అందరూ సిమెంటు రేకు అనే దాంట్లో ఉన్నది ఆస్బెస్టాస్ అనే నార లాంటి ఖనిజం. అన్ని రకాల ఆస్బెస్టాస్‌తోనూ క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. జబ్బు బయటపడేసరికి ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది కాబట్టి ఎవరికీ టెన్షన్ లేదు. మన పులివెందుల వైపు కూడా ఒకప్పుడు ఈ గనులుండేవి. దేశంలో తవ్వకాల లీజులు ఆపేశారు, బాగుంది. మరి రష్యా, కజకిస్థాన్‌ల నుంచి దిగుమతి ఎందుకు? తవ్వితే ప్రమాదమైనది కొంటే కాదా?

1995లో సుప్రీంకోర్టు ఈ పరిశ్రమ కార్మికుల ఆరోగ్య రికార్డులు భద్రపరచాలని ఆదేశించింది. మా మేస్త్రీకి ఏ రికార్డూ లేదు, ఆయన ఏ ఫ్యాక్టరీ లెక్కలోకీ రాడు.

పెయింట్లలో సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) హద్దు పెట్టి, 2017 నవంబరు నుంచి అమలు చేశారుగా. ఆస్బెస్టాస్ ఆపడానికీ ఒక తేదీ చెప్పండి. ఈలోగా ప్రతి రేకు మీదా హెచ్చరిక తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. పగిలిన ముక్కలు ఎక్కడ పడెయ్యాలో పంచాయతీలకు చెప్పండి.

ఇట్లు,
రేకుల ఇంట్లో పెరిగిన ఒక పౌరుడు