సంక్రాంతికి సూర్యాపేట మీదుగా వెళ్లే ఈవీ కార్ల వారికి, మా హోటల్ నుంచి

నమస్కారం. హైదరాబాద్–విజయవాడ హైవే మీద మా దగ్గర ఆగి, కారు చార్జింగ్‌కి పెట్టి టిఫిన్ చేసి వెళ్లే మీ అందరికీ పండగ రద్దీ మొదలుకాకముందే కొన్ని విషయాలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి.

“బోర్డు మీద 60 కిలోవాట్లని రాశారు, నాకు 30 దాటట్లేదేంటండీ?” అని చాలామంది అడుగుతున్నారు. మిషన్ 60దే. దానికున్న రెండు గన్‌లకీ (కారుకి తగిలించే ప్లగ్‌లకి) కార్లు ఉంటే చెరో 30 వస్తుంది. ఒక్క కారే ఉన్నా అది తీసుకోగలిగినంతే వెళ్తుంది. చిన్న కార్లు కొన్ని 30 కూడా తీసుకోవు.

అసలు ఇబ్బంది 80 శాతం దాటాక వస్తోంది. అక్కడి నుంచి బ్యాటరీని కాపాడుకోవడానికి కారే కరెంటు తగ్గించేసుకుంటుంది. ఆ చివరి 20 శాతం కోసం మీరు కూర్చుంటే, వెనక చంటిపిల్లలతో వచ్చినవాళ్లు కారులోనే ఎదురుచూస్తున్నారు. అది చూస్తూ ఊరుకోలేకపోతున్నాను. ఇక్కడి నుంచి విజయవాడ సుమారు 135 కిలోమీటర్లు. 40 యూనిట్ల బ్యాటరీలో 80 శాతం అంటే 32 యూనిట్లు. యూనిట్‌కి ఆరు కిలోమీటర్లు వేసుకున్నా 190 వస్తుంది. 110 వేగంతో తోలితే అంత రాదు, 80–90లో వెళ్తే టెన్షన్ ఉండదు. అందుకే పండగ రోజుల్లో ఫాస్ట్ చార్జర్ 80 శాతం దగ్గర ఆపేస్తాం. రాజమండ్రి వైపు వెళ్లేవారు విజయవాడలో ఇంకోసారి పెట్టుకోండి. ఒకేచోట నూరు శాతం నింపడం కన్నా రెండుచోట్ల కాస్త కాస్త ఎక్కించుకుంటేనే త్వరగా చేరతారు.

యూనిట్ ధర 18 రూపాయల నుంచి 20 రూపాయలకి పెంచాం, జీఎస్టీ అదనం. ట్రాన్స్‌ఫార్మర్‌కి పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే ఇది తప్పలేదు. ఇంకో మాట. కరెంటు పోతే చార్జింగ్ ఆగిపోతుంది. మా జనరేటర్ లైట్లకీ ఫ్రిజ్‌లకీ సరిపోతుందంతే, చార్జర్‌ని లాగలేదు. అందుకని మా దగ్గరికి వచ్చేసరికి బ్యాటరీలో కనీసం 20 శాతం ఉండేలా చూసుకోండి, పక్క స్టేషన్‌కి వెళ్లే దారి ఉంటుంది.

రాత్రి రూమ్ తీసుకునేవారికి వెనక వైపు 15 ఆంపియర్ ప్లగ్‌లు పెట్టించాం. గంటకి మూడు యూనిట్ల దాకా ఎక్కుతుంది, తెల్లారేసరికి చాలా కార్లకి సరిపోతుంది. కారుతో ఇచ్చిన పోర్టబుల్ చార్జర్ మాత్రం మర్చిపోకుండా తెచ్చుకోండి. నార్కట్‌పల్లి దాటాక ఫోన్ చేస్తే ఏ గన్ ఖాళీగా ఉందో మా కుర్రాళ్లు చెబుతారు.