సీసా మీద భాస్వరం లెక్కేది?
కిడ్నీ రోగులకు చేటు చేసే భాస్వరం నల్లటి కోలాల్లో ఎంత ఉందో సీసా మీద రాయడం లేదు. చీమ తలకాయంత ఇంగ్లిషు అక్షరాల మధ్య ‘338’ అన్న అంకె ఉంటుంది. అది భాస్వరం ఉండే ఫాస్ఫారిక్ ఆమ్లమని ఉద్దానం జీడితోటల్లో పనిచేసే మనిషికి ఎలా తెలుస్తుంది? పప్పుల్లోని భాస్వరం ఒంటికి పూర్తిగా పట్టదు; ఇలా కలిపింది మాత్రం చాలావరకు రక్తంలో చేరుతుంది. అయినా పప్పు, పాలు తగ్గించమనేవారు కూల్‌డ్రింకుల ఊసెత్తరు. డయాలసిస్ నుంచి బయటికొచ్చిన వాళ్లు ఎదురు బడ్డీలో అదే కొనుక్కోవడం ఇక్కడ రోజూ కనిపించేదే. సోడియంలాగే భాస్వరాన్నీ మిల్లీగ్రాముల్లో ముద్రించాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించాలి. ఈలోగా డయాలసిస్ కేంద్రాల్లో ఏ పానీయం వద్దో, ఏది ఎంత కొలతలో తాగొచ్చో తెలుగులో పెద్దక్షరాలతో బోర్డు పెట్టడానికి ఎవరి ఉత్తర్వులూ అక్కర్లేదు.
– ఓ పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా