కిలో సంచులు ఆపేశాను, కారణం ఇదీ

పాత తాళాలను తూకం లెక్కన కలిపి అమ్మే కిలో సంచులు ఇక దొరకవు. వాటికోసం డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవాళ్లకు ఈ వారంలో మొత్తం వెనక్కి వచ్చేస్తుంది. ఫోన్‌లో కట్టినవాళ్లకు అదే నంబరుకు వేస్తున్నాను. షాపుకొచ్చి నగదు ఇచ్చినవాళ్లు పేరు చెబితే చాలు, పుస్తకంలో రాసి ఉంది. "స్టాక్ లేదు" అని ఒక్క ముక్క పెట్టి ఊరుకోవచ్చు. కానీ మీలో సగం మంది మొదటి సంచి నుంచీ కొంటున్నవాళ్లు. అసలు సంగతి మీకు వేరేవాళ్ల నోటి ద్వారా తెలియడం నాకిష్టం లేదు. ఇప్పటికే ఒకాయన నోటి ద్వారా తప్పుగా తెలుస్తోంది కూడా. ఆయన గురించి తర్వాత చెబుతాను.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. సికింద్రాబాద్‌లో మాది తాళాలు బాగుచేసే, డూప్లికేట్ చెవులు చేసే చిన్న షాపు. దాంతోపాటు, చెవి లేకుండా తాళం తీయడాన్ని సరదాగా సాధన చేసేవాళ్లకు చవకగా పాత తాళాలు అమ్ముతాను. ఇది దొంగ విద్య అనుకునేవాళ్లకు ప్రతిసారీ చెప్పి చెప్పి విసిగిపోయాను. ఈ సరదా ఉన్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, వాళ్లకు రెండే రెండు నియమాలు. నీది కాని తాళం ముట్టుకోకు. నీదే అయినా వాడకంలో ఉన్న తాళం మీద ప్రయోగం చేయకు. రెండో నియమం వల్లే పాత తాళాలకు గిరాకీ. ఇంటి తలుపుకున్న తాళం మీద సాధన చేసి లోపల పిన్ను ఇరికించుకుని అర్ధరాత్రి నాకు ఫోన్ చేసినవాళ్లు మీలోనే ఉన్నారు, పేర్లు చెప్పను.

ఇక అసలు విషయం. నాకు ఏళ్లుగా సరుకు ఇస్తున్న తుక్కు వ్యాపారి ఒకాయన ఉన్నాడు. పాత ఇళ్లు కూల్చినప్పుడు, హాస్టళ్లు ఖాళీ చేసినప్పుడు, ఆఫీసులు మారినప్పుడు వచ్చే తాళాలను పక్కన పెట్టి నాకు ఇచ్చేవాడు. తుప్పు పట్టినవి, చెవులు పోయినవి, సున్నం అంటుకున్నవి, అన్నీ కలిపి. అందులోంచి పనికొచ్చేవి ఏరి, కిరసనాయిలులో నానబెట్టి, తుడిచి మీకు పంపేవాణ్ని. దసరాకు ముందు ఆయన పంపిన గోతాం మాత్రం వేరుగా ఉంది. విప్పగానే కింద పోసి చూశాను. దాదాపు అన్నీ తాళంకప్పలే. అన్నీ ఒకే పెద్ద సైజు, షట్టర్లకు వేసేవి. అన్నిటికీ పైకడ్డీ గ్రైండర్‌తో కోసేసి ఉంది.

కడ్డీ కోసి ఉండటం దానంతట అది తప్పేమీ కాదు. ఇది మీకూ తెలుసు. చెవి పోగొట్టుకున్నవాళ్లు నన్ను పిలిచినా, తీయడం కుదరకపోతే నేనూ కోస్తాను. హాస్టల్ వార్డెన్లు సంవత్సరం చివర్లో పిల్లలు వదిలేసి వెళ్లిన తాళాలను కోయించి గంపల్లో పడేస్తారు. పైగా సాధనకు కోసిన తాళమే మేలు, ధర తక్కువ, లోపలి యంత్రం చెక్కుచెదరదు. ఇదివరకు సంచుల్లోనూ అలాంటివి ఒకటీ అరా వచ్చేవి.

కానీ వీటి కోత కొత్తగా ఉంది. లోహం తళతళలాడుతోంది, తుప్పు చుక్క లేదు. ఒళ్లంతా వాడకంతో అరిగి ఉంది, కోసిన చోట మాత్రం నిన్న మొన్నటి మెరుపు. కొన్నిటి మీద తెల్ల పెయింట్‌తో అంకెలు ఉన్నాయి, షాపు నంబర్లలాగా. ఒకదానికి నిమ్మకాయా మిరపకాయల దారం ముక్క ఇంకా అంటుకుని ఉంది. ఆ దారం చూశాక నాకు అన్నం సహించలేదు. తుక్కుకు వేసే తాళానికి ఎవరూ దిష్టి తీయరు కదా.

ఫోన్ చేసి ఎక్కడివి అని అడిగాను. "గుడ్లు కొనేవాడు కోడి ఊరు పేరు అడుగుతాడా సార్? తూకం చూసుకోండి" అన్నాడు. బిల్లు అడిగాను. వచ్చింది. అందులో "ఇనుప తుక్కు" అని, కిందొక బరువు. అంతే. ఎవరి దగ్గర కొన్నదీ లేదు. ఒక మార్కెట్ ఖాళీ చేయించారనీ, అద్దె కట్టని షాపుల తాళాలు ఓనర్లే కోయించారనీ మర్నాడు కొత్త కథ చెప్పాడు. నిజమే కావచ్చు. అలాంటివి జరుగుతాయి. ఏ మార్కెట్ అంటే మాత్రం గుర్తులేదట.

ఆ గోతాం వెనక గదిలో ఉన్నన్నాళ్లూ నేను పడ్డ టెన్షన్ మీకు చెప్పినా అర్థం కాదేమో. ఒకవైపు మీ డబ్బు నా దగ్గరుంది, పండగ సెలవుల్లో సాధన చేద్దామని అడుగుతున్నారు. మంచి సరుకు అది, అబద్ధం ఎందుకు. అన్నీ గట్టి పిన్ను తాళాలు, అంటే లోపల స్ప్రింగుల కింద చిన్న పిన్నులు ఉండి, చెవి వాటిని సరైన ఎత్తుకు లేపితే తెరుచుకునేవి. మన దగ్గర పాత సరుకులో పిన్ను తాళంకప్పలు దొరకడమే కష్టం, ఎక్కువగా లోపల పలకలుండే లివర్ తాళాలే వస్తాయి. అంకెల మీద కాస్త థిన్నర్ రుద్దితే పోతాయని మా కుర్రాడు అన్నాడు. వాణ్ని తిట్టాను. తిట్టాక, వాడు అన్నది నాకు కూడా అంతకుముందే తట్టిందని గుర్తొచ్చి మరీ కోపం వచ్చింది.

చట్టం సంగతి కూడా చూసుకున్నాను. దొంగ సొత్తు అని తెలిసి తీసుకుంటేనే నేరం అనుకుంటారు చాలామంది. భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్‌లో "తెలిసి" అన్న మాటతో పాటు, అలా నమ్మడానికి కారణం ఉండి తీసుకున్నా నేరమే అని ఉంది. పాత ఐపీసీ 411లోనూ అదే. శిక్ష మూడేళ్ల దాకా. నమ్మడానికి కారణం అంటే ఏమిటి? ఆ దారం ముక్క కారణం అవుతుందా? ఒక లాయర్ కస్టమర్‌ని అడిగితే నవ్వి, "మీరు ఇన్నిసార్లు అడుగుతున్నారంటేనే కారణం ఉన్నట్టు" అన్నారు.

మా నాన్న ఇదే పని ఫుట్‌పాత్ మీద గొడుగు వేసుకుని చేశారు. సబ్బు ముక్క మీద అచ్చు తీసుకొచ్చి చెవి చేయమంటే ఎంత డబ్బు ఇస్తానన్నా చేసేవారు కాదు. తాళం తెండి, చెవి చేస్తాను అనేవారు. చివరికి అదే పట్టుకున్నాను. ఎక్కడిదో చెప్పలేని సరుకు నా షాపులోంచి వెళ్లదు. ఫోటోలు తీసి దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో చూపించాను. వివరాలు రాసుకున్నారు, ఎవరైనా ఫిర్యాదు ఇస్తే పిలుస్తామన్నారు, గోతాం తిరిగి ఇచ్చేయవచ్చన్నారు. ఇంతవరకు పిలవలేదు. కాబట్టి ఆ తాళాలు నిజంగానే అద్దె కట్టని షాపులవి అయి ఉండవచ్చు కూడా. అది నాకెప్పటికీ తెలియదు. గోతాం ఆటో ఎక్కించి వెనక్కి పంపాను. ఇచ్చిన అడ్వాన్స్ మాత్రం వ్యాపారి తిరిగి ఇవ్వలేదు. "సరుకు మీరే వద్దన్నారు" అంటున్నాడు. సరే, ఉంచుకోమన్నాను. ఆయన రేపు ఉచితంగా ఇచ్చినా ఆ గుమ్మం తొక్కను.

ఇప్పుడు ఆ ఒకాయన సంగతి. సంచి ఆలస్యమైందని నేను కారణం చెబితే, ఆయన గ్రూపుల్లో "ఇన్నాళ్లూ దొంగ తాళాలు అమ్మి ఇప్పుడు నీతులు చెబుతున్నాడు" అని పెట్టారు. అయ్యా, మీరు కొన్న ప్రతి సంచిలో ఏముందో నా పుస్తకంలో రాసి ఉంది. మెహిదీపట్నం హాస్టల్‌వి ఏవో, కూల్చిన ఇంటివి ఏవో చెప్పగలను. షాపుకు రండి, చూపిస్తాను. రాకపోతే ఆ మెసేజ్ తీసేయండి. ఇంతకన్నా బతిమాలను.

మరి ఇకపై ఏం అమ్ముతాను? విడి తాళాలు. ఒక్కో తాళానికి ఒక చీటీ కట్టి ఉంటుంది, ఎక్కడి నుంచి వచ్చిందో అందులో రాసి. ధర సంచి కన్నా ఎక్కువే పడుతుంది. ఇత్తడి రేటు పెరిగాక, ఇత్తడి ఒళ్లున్న తాళం నా దాకా రాకుండానే కరిగించే చోటికి పోతోంది, అది కూడా కారణం.

కొత్త సరుకు ఎక్కువగా వడ్రంగుల దగ్గర నుంచి వస్తుంది. అపార్ట్‌మెంట్లలో అందరూ మెయిన్ డోర్‌కి డిజిటల్ లాక్ పెట్టించుకుంటున్నారు కదా, తలుపు చెక్కలోకి దిగి ఉండే పాత మార్టిస్ లాకు, చెవి దూర్చే దాని సిలిండరూ విప్పి వడ్రంగి చేతిలో పెడతారు. ఇంటివాళ్లు ఎదురుగా ఉండగా విప్పినవి, చెవులతో సహా. కొంతమంది వడ్రంగులతో మాట్లాడుకున్నాను. నిజానికి నేర్చుకునేవాళ్లకు తాళంకప్ప కన్నా ఈ సిలిండర్ వంద రెట్లు నయం. చెవి ఉంటుంది కాబట్టి లోపలి తిరిగే భాగాన్ని బయటికి లాగి, పిన్నులన్నీ తీసేసి, ముందు ఒకే పిన్నుతో మొదలుపెట్టి, చేయి కుదిరాక రెండు, తర్వాత మూడు వేసుకోవచ్చు. రివెట్ కొట్టిన తాళంకప్పలో ఇది కుదరదు. లాగేటప్పుడు వెనకాలే సరిపోయే సైజు గొట్టం ఆనించకపోతే స్ప్రింగులు మంచం కింద వెతుక్కోవాలి. చెవి పక్కల్లో గుంటలున్న "కంప్యూటర్ కీ" రకం మాత్రం మొదట్లోనే అడగొద్దు, ఇవ్వను.

లివర్ తాళాలు కూడా పెడతాను. వద్దంటారని తెలుసు. పిక్ అనే సన్నటి కొక్కెం పెట్టి పిన్నులు ఎత్తే వీడియోలు చూసి వచ్చినవాళ్లకు అలీగఢ్ లివర్ తాళం చూపిస్తే మొహం చిట్లిస్తారు. దీని పని వేరు. లోపల పలకలుంటాయి, ఒక్కోదాన్ని సరిగ్గా దాని ఎత్తుకు లేపాలి, తక్కువైనా ఎక్కువైనా గడి జరగదు. 1851లో లండన్ మహా ప్రదర్శన సమయంలో హాబ్స్ అనే అమెరికన్ వెళ్లి, ఎవరూ తీయలేరని పేరున్న చబ్ తాళం తీస్తే ఆ దేశమంతా గగ్గోలు పెట్టింది. అది లివర్ తాళమే. మన ఊళ్లలో ఇప్పటికీ ఇంటింటికీ వేలాడేది ఆ జాతే. దీన్ని వదిలేసి యూరప్ సిలిండర్ మాత్రమే నేర్చుకుంటే మీ ఇష్టం. దిండిగల్ తాళాలు అడిగినవాళ్లకు: 2019లో తమిళనాడులోని ఆ ఊరి తాళాలకు జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే గుర్తింపు వచ్చింది, చేత్తో చేసిన అలాంటి తాళాలను సాధన పేరుతో పాడుచేయడానికి నేను అమ్మను. అలమరాలో పెట్టుకోండి.

నా దగ్గరే కొనాలని లేదు. మీరే వెతుక్కోవాలంటే ఆదివారం ఎర్రగడ్డ సంత, గురువారం జుమేరాత్ బజార్ ఉన్నాయి. పొద్దున్నే వెళ్లండి. చెవి ఉన్న తాళానికి పది రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి. చెవి లేకుండా బిగుసుకుపోయిన తాళం లోపల అసలు పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు, మీ చేయి సరిగ్గానే ఉన్నా అది తెరుచుకోకపోవచ్చు. చెవి రంధ్రంలోకి టార్చి వేసి చూడండి, లోపల గట్టిపడిన జిగురు మెరిస్తే వదిలేయండి. కొబ్బరినూనె పోసినవి జిగటగా ఉంటాయి, కిరసనాయిలులో నానబెట్టాలి. తర్వాత మళ్లీ నూనె వద్దు, పెన్సిల్ ములుకు పొడి చాలు. కడ్డీ కొత్తగా కోసినవి, అంకెలున్నవి ఎవరైనా చవకగా ఇస్తామంటే ఏం చేయాలో నేను చెప్పక్కర్లేదు. మీ కాలనీ వడ్రంగిని అడగడం అన్నిటికన్నా సులువు, టీ తాగించినా ఇస్తాడు.

మొదటి విడి తాళాలు దీపావళి తర్వాత పెడతాను, ఎన్ని ఉంటాయో ఇప్పుడు చెప్పలేను. డబ్బు వెనక్కి తీసుకున్నవాళ్లకు ముందు ఇస్తాను. అడ్వాన్స్ ఎవరి దగ్గరా తీసుకోను, సరుకు చూశాకే డబ్బు. ఇదివరకు కొన్న సంచిలో ఏ తాళం మీదైనా అనుమానం ఉంటే తెచ్చి ఇవ్వండి, పుస్తకంలో చూసి అదెక్కడిదో చెబుతాను, నచ్చకపోతే మార్చి ఇస్తాను. కొరియర్‌లో పంపేవాళ్లు పంపే ఖర్చు మీరే పెట్టుకోవాలి. నా చేతిలో ఉన్నది ఆటోకీ, ఆ అడ్వాన్స్‌కీ అయిపోయింది.