బాబుగాని డ్యాన్స్ గురించి, గోదావరిఖని అన్నకు

అన్నా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు షాపుల గిరాకీ ఉండె, మంచిగ మాట్లాడలేకపోయిన. "చూద్దాం తీయ్ అన్నా" అని పెట్టేసిన గని అప్పటి సంది నాకు మనసున పడుతలేదు. అందుకే ఇప్పుడు మీ మరదలు, చిన్నది పండుకున్నంక కూసొని రాస్తున్న, పొడుగైతది, తీరికున్నప్పుడు చదువు.

మీ బాబుగాడు డ్యాన్స్ నేర్చుకుంటా అని ఏడుస్తుండు, వదిన సరే అంటుంది, బాపు ఏమో మగపిల్లగానికి గజ్జెలేందిరా అంటుండు, నువ్వు మధ్యల ఎటూ చెప్పలేక నన్ను అడిగినవ్. నా మాట అయితే పంపియ్ అన్నా. నాకు డ్యాన్స్ రాదు, నేను చెప్పేది అంతా నాలుగేండ్లు మా చిన్నదాని కూచిపూడి క్లాసు బయట మెట్ల మీద కూసొని చూసిందే.

మొదలు బాపు సంగతి చెప్తా. బాపుకు యాదికి తే, చిన్నప్పుడు మనల్ని ఐనవోలు మల్లన్న జాతరకు ఎవలు తీస్కపోయేటోళ్ళు? బాపే కదా. మల్లన్న కథ చెప్పే ఒగ్గోళ్ళు కాళ్ళకు గజ్జెలు కట్టి డోలు మోగిస్తుంటె మనం ఆకలైతుంది పోదాం అన్నా కూడ కదలకపోయేది, బండారి, అదే దేవుని పసుపు, మొఖానికి పెట్టుకొని ఆడనే నిలబడెటోడు. వాళ్ళు మగోళ్ళే కదా, ఆ కాళ్ళకు ఉన్నవి గజ్జెలే కదా. కూచిపూడి కూడ గంతే, మొదట్ల అది మొత్తం మగోళ్ళదే, ఆడ వేషాలు సుత వాళ్ళే కట్టేటోళ్ళు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం కడితే ఆడోళ్ళు కూడ ఆ నడక చూసి నేర్చుకోవాలె అనేటోళ్ళట.

ఇగ పేరిణి డ్యాన్స్ అయితే మన వరంగల్‌ది. కాకతీయుల కాలంల యుద్ధానికి పొయ్యే ముందు సైనికులు శివుని ముంగట ఆడేటిది అని చెప్తరు. గణపతిదేవుని దగ్గర ఏనుగుల సైన్యానికి అధిపతిగ ఉన్న జాయప సేనాని నృత్తరత్నావళి అని సంస్కృతంల ఒక పెద్ద గ్రంథమే రాసిండు, 1253 ఆ ప్రాంతంల. యుద్ధం చేసే మనిషి కూసొని డ్యాన్స్ మీద పుస్తకం రాసిండంటే చూడు. ఆ పుస్తకం, రామప్ప గుడి మీది బొమ్మలు ముంగటేసుకొనే డ్యాన్స్ గురువు నటరాజ రామకృష్ణ గారు పోయిన పేరిణిని మల్ల నిలబెట్టిండు, 1985ల శివరాత్రికి రామప్ప కాడనే ఆడిపిచ్చిండు. ఇయ్యన్ని నాకు ముందు తెల్వయి, మా చిన్నది నేర్చుకోవట్టినంకనే ఒక్కొక్కటి చెవున పడ్డయి. బాపుకు ఈ ముక్క చదివి వినిపియ్, కాకతీయుల మాట అంటే బాపు వింటడు.

ఇగ మా సంగతి చెప్తా, నీకు అసలు కావాల్సింది గదే కదా, రోజూ ఎట్లుంటది అని.

చిన్నదాన్ని ఆరేండ్లకు ఏసినం, ఇప్పుడు దానికి పదేండ్లు, ఐదో తరగతి. వారానికి మూడు రోజులు, మంగళారం గురువారం సాయంత్రం ఐదున్నరకు, ఆదివారం పొద్దుగాల ఏడింటికి. బడి బస్సు నాలుగున్నరకు దించుతది, మీ మరదలు రాగి జావనో ఉడకబెట్టిన గుడ్డో పెడ్తది, అన్నం పెట్టదు ఎందుకంటే కడుపు నిండ తిని అరమండి, అంటే మోకాళ్ళు పక్కలకు మలిపి సగం కిందికి, కూసుంటే పిల్లలకు కక్కొస్తది. నేను షాపుల పిల్లగాన్ని కూసోబెట్టి స్కూటీ మీద తీస్కపోత. నయీంనగర్ నుంచి హంటర్ రోడ్డు దాంక ఆ టైముల ట్రాఫిక్ నీకు తెల్వంది కాదు, చౌరస్తా కాడ సిగ్నల్ పడ్డప్పుడల్లా అది ఎనుకనుంచి నా భుజం మీద చేతులు పెట్టి హస్తాలు, అంటే చేతి ముద్రల పేర్లు, వల్లిస్తది, పతాకం, త్రిపతాకం, అర్ధపతాకం, కర్తరీముఖం అనుకుంట, ఒంటి చేత్తోని చేసేటియి ఇరవై ఎనిమిది ఉంటయి. మొదటి సంవత్సరం సగం కాకముందే ఆగిపొయ్యేది, శుకతుండం తర్వాత ఏందో యాదికి రాకపోతే నన్నడిగేది, ముష్టి బిడ్డా అని నేను చెప్పేది. నేర్చుకుందాం అనుకోలే అన్నా, వినంగ వినంగ వచ్చేసినయి.

క్లాసు అంటే ఒక ఇంటి మీది హాలు. గచ్చు నేల, ఒక గోడకు నటరాజు బొమ్మ, మూలకు మృదంగం. పాటలు అంటే సెల్లుల పెట్టుకోవుడు కాదు, మేడమ్ ఒక చెక్క పలక మీద కర్రతోని తాళం కొడ్తరు, నోటితోని జతులు, అంటే అడుగుకు తగ్గ తాళం మాటలు, చెప్తరు. చెప్పులు కింద మెట్ల కాడనే ఇడవాలె. ఆ మెట్ల మీదనే మా అసోంటోళ్ళం ఎనిమిది పది మందిమి కూసుంటం, ఒకామె కూరగాయలు ఏరుకుంటది, ఒక సారు పేపర్లు దిద్దుకుంటడు, ఎవరికన్న ఆలస్యమైతే మిగిలినోళ్ళం వాళ్ళ పిల్లల్ని చూసుకుంటం. వానకాలం మాత్రం కష్టమే, హంటర్ రోడ్డు గల్లీల నీళ్ళు నిలబడ్తయి, ఒకసారి స్కూటీ ఆగిపోతే ఇద్దరం మోకాలి లోతు నీళ్ళల్ల తోసుకుంట పోయినం, అయినా క్లాసు ఎగ్గొట్టద్దు అన్నది అదే.

నీకు ముఖ్యంగ చెప్పాలనుకున్నది ఇది. మొదటి ఏడాది పాట ఉండది అన్నా. ఉత్త అడుగులే. చౌకం, కత్తెరనాటు, కుప్పి అడుగు, పక్కనాటు, ఒక్కో అడుగు ఒకటో కాలంల, రెండో కాలంల, మూడో కాలంల, కాలం అంటే వేగం, కాళ్ళు ఎట్ల పడ్తున్నయి చేతులు ఎక్కడ ఆగుతున్నయి చూపు ఎటు పోతుంది, మల్ల మొదటికాంచి. ఆర్నెల్లు అయినంక మీ మరదలు ఉండబట్టలేక అడిగింది, మేడమ్ బడి వార్షికోత్సవం ఉంది కదా ఏదన్న ఒక పాట నేర్పించరా అని. మేడమ్ కోపానికి రాలే, లోపలికి పిలిచి పిల్లల్ని వరుసకు నిలబెట్టి ఒక అడుగు చేయిపిచ్చిండ్రు. చేయిపిచ్చి, "కండ్లు మూసుకొని వినమ్మా" అన్నరు. మేం ఇద్దరం కండ్లు మూసుకున్నం. పన్నెండు మంది పిల్లలు, అడుగుల సప్పుడు వడగండ్లు పడ్డట్టు ఎక్కడిదక్కడ చిందరవందర. "ఈ సప్పుడు ఒక్కటి అయినంక పాట నేర్పిస్త, కాళ్ళు పడనియ్యుండ్రి" అన్నరు. తర్వాత ఇంకో ఏడెనిమిది నెలలకు ఒక ఆదివారం నేను మెట్ల మీద పేపర్ చదువుకుంట కూసున్న, పైనుంచి ధన్ ధన్ అని ఒక్కటే సప్పుడు, పన్నెండు మంది కాదు ఒక్కలే ఎవలో ఆడుతున్నరు అనుకున్న. లేచి పోయి తలుపు సందుల చూస్తే అందరు ఉన్నరు. నాకు ఒళ్ళు జలదరించింది అన్నా. మా బిడ్డ ఏది అని చూసుడు కూడ మర్చిపోయిన.

అందుకే బాబుగాన్ని ఏస్తే స్టేజి తొందర పెట్టకు. ఊర్ల మస్తు మంది నేర్పెటోళ్ళున్నరు, మూడు నెలలకే పాట నేర్పి కాస్ట్యూమ్ కొనిపిచ్చి ఎక్కిపిచ్చెటోళ్ళు కూడ ఉన్నరు, పిల్లలకు మోకాళ్ళు ఎటు మలగాలో కూడ చెప్పరు. మోకాలు ఎప్పుడు కాలి వేళ్ళు చూసే దిక్కే చూడాలె, అరమండిల కూసున్నప్పుడు మోకాలు లోపలికి పోయిందంటే పెద్దయినంక నొప్పులే. మేడమ్ ఇది ఒక్కటి రోజు పదిసార్లు చెప్తరు. మా దానికి మొదట్ల మడిమెలు నొప్పి పెట్టినయి, రాత్రి పూట ఉప్పు ఏసిన గోరెచ్చని నీళ్ళల్ల కాళ్ళు పెట్టిచ్చి నేనే వత్తెటోన్ని. కాళ్ళు వత్తేటప్పుడే అది బడి ముచ్చట్లన్ని చెప్పేది, ఎవలు ఏడిపిచ్చిండ్రు, ఎవల పక్కన కూసున్నది, అన్ని. ఇప్పుడు నొప్పి లేదు గని కాళ్ళు మాత్రం వత్తిచ్చుకుంటది.

ఇంట్ల ప్రాక్టీస్ ఒక పెద్ద పంచాయితి. మేముండేది రెండో అంతస్తు, కిందింటి పెద్దమనిషికి బీపీ, పాపం ఆయన ఓ రోజు వచ్చి మెల్లగ చెప్పిండు, బిడ్డా పొద్దుగాల తలకాయ మీద మోగినట్టే ఉంటుంది అని. ఆయన తప్పేం లేదు. అప్పటినుంచి ఆరింటికి డాబా మీదికి పోతున్నం. హన్మకొండల కోతుల సంగతి నీకు చెప్పేది లేదు కదా, నేను కట్టె పట్టుకొని ట్యాంకు కాడ నిలబడత, అది ఆడుకుంటది. చలికాలం ఆ టైముకు పద్మాక్షి గుట్ట మీద పొగమంచు ఉంటది, అది తధిగిణతోం అనుకుంట తిరిగి తిరిగి చెమటలు కారుతుంటది, నేనేమో మఫ్లర్ కట్టుకొని నిలబడి చూస్తుంట.

ఖర్చు అడిగినవ్. నెలకు ఎనిమిది వందలు ఫీజు. గజ్జెలు, ప్రాక్టీస్ చీర మొదట్ల ఒక్కసారే. స్టేజి ఎక్కితే కాస్ట్యూమ్ కిరాయి, మేకప్ ఆయనకు, పూలకు, అన్ని కలిపి ఒక్కో ప్రోగ్రాంకు పదిహేను వందల దాంక అయితది, అందుకే ఏడాదికి రెండు మూడు మించి ఒప్పుకోం.

ఒప్పుకోకపోవుటానికి ఇంకో కారణం కూడ ఉంది, అది చెప్తే నాకు ఇప్పటికి మనసు మండుతది. మేడమ్ దగ్గర చేరకముందు కాదు, చేరినంకనే, రెండేండ్ల కింద తెలిసినోళ్ళు బతిమిలాడితే ఒక ఫంక్షన్ హాల్ల ప్రోగ్రాంకు పంపినం. నాలుగింటికే మేకప్‌తోని ఉండాలె అన్నరు. పిల్లలకు మొఖం నిండ రంగు, జడకు సవరం, జడకుప్పెలు, నడుముకు వడ్డాణం బిగించి కట్టి, కూసుంటే కుచ్చిళ్ళు నలుగుతయి కాబట్టి కూసోనియ్యరు, నీళ్ళు ఎక్కువ తాగితే బాత్రూంకు పోవుటానికి ఉండది కాబట్టి తాగనియ్యరు. పెద్దమనుషులు వచ్చేసరికి ఎనిమిది. వాళ్ళ సన్మానాలు, శాలువలు, మాటలు తొమ్మిదిన్నర దాంక. మా పిల్లలకు స్టేజి ఇచ్చేసరికి పదికి పది నిమిషాలు. ఒక చిన్న పోరి, ఏడేండ్లు ఉంటయి, స్టేజి పక్కన పర్దా కింద గోడకు ఒరిగి నిద్రపోయింది, కంటి కాటుక చెంప మీదికి కారింది. పాట సగంల ఆపిండ్రు టైం అయిపోయింది అని. మా చిన్నది దిగి వచ్చి ఏం అనలే, ఇంటికి వచ్చినంక అన్నం తినుకుంట "నాన్నా మేం తప్పు చేసినమా, ఎందుకు ఆపిండ్రు" అని అడిగింది. తప్పు మీది కాదు బిడ్డా అని చెప్పిన గని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. పొయ్యి మేడమ్‌కు చెప్తే ఆమె కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. అప్పటినుంచి ఆమె ఒకటే షరతు పెట్టిండ్రు, ఎవలు పిలిచినా పిల్లలు ఏ టైముకు ఆడ్తరో ముందే కాగితం మీద రాసియ్యాలె, లేకపోతే రారు. మంచి పని చేసిండ్రు. మొన్న కాళోజీ కళాక్షేత్రంల ఆడిండ్రు పిల్లలు, ఆరింటికి అంటే ఆరింటికే మొదలైంది, ఆడి దిగినంక తల్లులంత డబ్బాలల్ల పులిహోర తెచ్చి పెట్టిండ్రు, అందరు నవ్వుకుంట తిన్నరు. స్టేజి అంటే అట్లుండాలె కదా.

ఇంకొక్కటి చెప్పి పండుకుంట. పోయిన డిసెంబర్‌ల మేడమ్ పిల్లల్ని రామప్పకు తీస్కపోయిండ్రు, మేం కూడ పోయినం. మనం చిన్నప్పటికాంచి ఎన్నిసార్లు పోయినమో లెక్కలేదు, చెరువు కాడ తిని, ఫోటోలు దిగి, నీళ్ళ మీద తేలే ఇటుక అని ముచ్చట పెట్టుకొని వచ్చేటోళ్ళం. ఎనిమిది వందల ఏండ్ల గుడి, 1213ల రేచర్ల రుద్రుడు కట్టిపిచ్చింది, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చినంక మంది పెరిగిండ్రు, గదే నాకు తెలిసింది. బయట చూరు కింద నల్లరాతి మదనికలు, ఆడోళ్ళ బొమ్మలు, ఉంటయి కదా, నేను ఎప్పుడు చూసినా అబ్బ ఎంత నున్నగ చెక్కిండ్రు అనుకునేది అంతే. చిన్నది ఒక బొమ్మ కింద మెడ ఎత్తి మస్తు సేపు నిలబడ్డది. పోదాం రా అంటే రాదు. దగ్గరికి పోయి ఏంది బిడ్డా అంటే, "నాన్నా ఈమె బరువు అంతా ఈ ఒక్క కాలు మీదనే ఉంది చూడు, ఆ కాలు కుంచితం, మడిమె లేసింది, అందుకే నడుము ఇట్ల ఒంగింది, నేను ఇట్ల నిలబడితే పది లెక్కపెట్టేసరికి వణుకుత, ఈమె ఎప్పటిసంది నిలబడ్డదో" అన్నది. అని చెప్పులు ఇడిసి ఆ రాళ్ళ మీదనే అట్లనే నిలబడి చూపిచ్చింది. నేను పైకి చూసిన, దాన్ని చూసిన, మల్ల పైకి చూసిన. నలభై ఏండ్ల నుంచి చూస్తున్న బొమ్మ అన్నా అది. ఆ కాలు బరువు మోస్తున్నదని నాకు అప్పుడే తెలిసింది.

లోపల దూలాల మీద మద్దెల వాయించెటోళ్ళు, ఆడెటోళ్ళు వరుసకు ఉంటరు కదా, పేరిణి నేర్చుకునే పిల్లలు కూడ మాతోనే వచ్చిండ్రు, వాళ్ళకు పేరిణి నేర్పే సారు ఒక్కొక్కటి చూపిచ్చుకుంట ఈ అడుగు మనం మొన్న చేసిందే అని చెప్తుంటె ఎనిమిదేండ్ల పోరడు ఒకడు కింద అదే అడుగు ఏసి చూసుకుంటుండె. నువ్వు ఫోన్ చేసినప్పుడు నాకు వాడే కండ్ల ముందు మెదిలిండు. ఆడపిల్లలకు పేరిణి లాస్యం వేరే ఉంటది, మా చిన్నది అది కూడ నేర్చుకుంటా అంటుంది, ముందు కూచిపూడి కుదరనీ అని మేడమ్ ఆపిండ్రు.

ఆ పేరిణి సారు ఆదివారం పొద్దుగాల ఏడింటికి పిల్లలకు పేరిణి చెప్తడు, మేడమ్ హాల్లనే, మా దాని క్లాసు పక్కనే. నువ్వు శనివారం డ్యూటీ దిగి రామగుండంల రైలెక్కితే రాత్రికి కాజీపేటల దిగుతవ్, నేను స్టేషన్‌కు వస్త. బాపును కూడ తీస్కరా, మెట్ల మీద నా పక్కన కూసుంటడు, చూసినంక ఏమన్నా అనుమను, ముందు చూడనియ్. బాబుగానికి పొద్దుగాల ఎక్కువ తినిపియ్యద్దు, ఒక అరటిపండు చాలు. సల్లడమో పైజామానో సంచిల పెట్టుకో, జీన్స్ మాత్రం తొడిగి తేకు, అరమండి కూసోరాదు.

నీ తమ్ముడు