నల్లబల్ల మీద మన ఊరి మాట

సంపాదకునికి,

అయ్యా, శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరి ప్రాథమిక పాఠశాలలో ఈసారి ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపిన తీరు మీ పాఠకులకు తెలియజేయదగినదని ఈ లేఖ రాస్తున్నాను. గిడుగు రామమూర్తి పటానికి దండ వేసి నాలుగు ప్రసంగాలతో సరిపెట్టడం మామూలే. ఈసారి ఉపాధ్యాయురాలు పిల్లలను ఇళ్లలోని నాయనమ్మలను, అమ్మమ్మలను అడిగి తలా పది మాటలు రాసుకు రమ్మన్నారు. 'చోళ్లు' (రాగులు), 'గుంటడు' (కుర్రాడు), 'ఒగ్గేయడం' (వదిలేయడం), 'కంబారి' (పాలేరు) వంటివి నల్లబల్ల నిండా పరుచుకున్నాయి. మూడో తరగతి చదివే నా మనవరాలు బడిలో పోసే రాగిజావను చూపించి "ఇది మా నాయనమ్మ కాచే చోడంబలే" అంటే, జావ పోస్తున్నావిడ గరిటె ఆపి నవ్వేసింది.

1863లో ఈ జిల్లాలోని పర్వతాలపేటలోనే పుట్టి, వాడుకభాష బడిలోకి రావాలని పోరాడి, సవర గిరిజన పిల్లలకు వారి భాషలోనే వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి పుట్టినరోజుకు ఇంతకంటే తగిన పని నాకు తోచదు.

ఆ మాటలన్నీ చార్టు మీదికెక్కించి గోడకు అంటించారు. అయితే పైకప్పు కారి, చార్టు అడుగు అప్పుడే ఉబ్బింది. మరమ్మతుకు అర్జీ పెట్టి రెండేళ్లయింది; వచ్చే వానలలోపైనా అధికారులు దృష్టి పెట్టాలని మనవి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తాత,
శ్రీకాకుళం జిల్లా